పాచి, పందుంపుల్ల



పొద్దున్న లేచీ లేవగానే కాఫీ అడిగితే మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది. "పాచి నోటితో కాఫీ ఏమిటి, ముందు పళ్ళు తోముకునిరా." ఈ పాచి అనే మాటకు మన భాషలో ఎంత చోటుందో చూడండి. రాత్రంతా పళ్ళ మీద పేరుకునేది పాచి. నూతి చప్టా మీద కాలు జారేటట్టు చేసేది పాచి. చెరువు మెట్ల మీద, వాన నీళ్ళు కారే గోడ మీద, నాలుగు రోజులు తోమని మంచినీళ్ళ బిందె లోపల వేలికి జిగటగా తగిలేదీ పాచే. తెల్లవారగానే వాకిలి ఊడ్చి అంట్లు తోమే పనికి పాచిపని అని పేరు. వీటన్నిటికీ ఒకే మాట వాడిన పెద్దవాళ్ళు సూక్ష్మదర్శినిలోకి తొంగిచూసినవాళ్ళు కారు. వేలికి తగిలిన జిగటను బట్టి, కాలికింద జారుడును బట్టి ఇవన్నీ ఒక కుదురులోవని పోల్చుకున్నారు. కొన్నిట్లో ఆకుపచ్చ నాచు కలిసి ఉంటుంది, కొన్నిట్లో ఒట్టి బ్యాక్టీరియాయే ఉంటుంది, అంతే తేడా. శాస్త్రజ్ఞులు ఇవాళ బయోఫిల్మ్ అంటున్నది ఈ పాచినే. నేను మాత్రం మన మాటే వాడతాను.

ఈ పాచిని వదిలించడంలో మొక్కలు ఏం చేయగలవో, ఏం చేయలేవో ఈ పూట మీతో చెప్పుకోవాలని ఉంది.

సూక్ష్మజీవికి రెండు రకాల బతుకుంది. ఒకటి, నీళ్ళలోనో నెత్తురులోనో ఒంటరిగా తిరగడం. రెండోది, ఒకచోట అతుక్కుని, తోటివాటిని పోగేసుకుని ఊరు కట్టుకోవడం. అతుక్కున్న బ్యాక్టీరియా తన ఒంట్లోంచి జిగురు వదులుతుంది. అందులో చక్కెర గొలుసులు, ప్రొటీన్లు, చచ్చిన కణాల డి.ఎన్.ఎ. ఉంటాయి. ఆ జిగురే వాటికి ఇల్లు, అదే ప్రహరీ. మీరు పళ్ళు తోముకున్న కొద్ది నిమిషాలకే ఉమ్మిలోని ప్రొటీన్లు పంటి మీద కంటికి కనపడని పొరగా పరుచుకుంటాయి. ఆ పొర మీదికి స్ట్రెప్టోకాకస్ జాతి బ్యాక్టీరియా ముందుగా వచ్చి దిగుతుంది. వాటిలో మ్యూటన్స్ అనే రకం మనం తిన్న పంచదారను తీసుకుని, కొంతతో జిగురు పేనుతుంది, మిగతాదాన్ని పులియబెట్టి ఆమ్లం చేస్తుంది. ఆ జిగురు చాటున ఆమ్లం పంటిని అంటిపెట్టుకుని ఉండిపోతుంది కాబట్టి పన్ను కొద్దికొద్దిగా కరిగిపోతుంది. మనం పిప్పిపన్ను అనేది అక్కడ మొదలవుతుంది.

ఈ పాచిని సూక్ష్మదర్శిని కింద మొదట పెట్టి చూసిన మనిషి డాక్టరు కాదు, బట్టల వ్యాపారి. హాలండులోని డెల్ఫ్ట్ ఊళ్ళో ఉండే లేవెన్‌హుక్. 1683 సెప్టెంబరులో తన పళ్ళ సందుల్లోంచి తెల్లటి పాచి గీకి, వాన నీటిలో కలిపి, తాను అరగదీసుకున్న భూతద్దం కింద పెట్టి చూశాడు. అందులో జీవాలు కదులుతున్నాయని లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఇది చాలామందికి తెలిసిన కథే. ఆ తరవాతి సంగతి ఎక్కువమంది చెప్పరు. ఆయన వినిగరుతో నోరు పుక్కిలించాడు. పాచిని విడిగా తీసి వినిగరులో కలిపితే జీవాలు చచ్చాయి. పంటి మీద ఉన్న పాచిలో మాత్రం పైపైనున్నవే చచ్చాయి, లోపలివి హాయిగా ఉన్నాయి. వినిగరు లోపలిదాకా దిగలేదని ఆయన రాసుకున్నాడు. యాంటీబయాటిక్ అన్న మాటే పుట్టని రోజుల్లో, ఇవాళ ఆసుపత్రుల్లో డాక్టర్లను వేధిస్తున్న ఇబ్బందిని ఆయన తన నోట్లోనే చూశాడు. నాకు ఎప్పుడు చదివినా ఒళ్ళు పులకరిస్తుంది.

దాని సంగతి లోకం పట్టించుకోవడానికి దాదాపు మూడువందల ఏళ్ళు పట్టింది. 1978లో కెనడా శాస్త్రజ్ఞుడు విలియం కాస్టర్టన్, తన తోటివాళ్ళతో కలిసి, బ్యాక్టీరియా ఎలా అంటుకుంటుందో వివరిస్తూ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాశాక అందరి చూపూ ఇటు తిరిగింది. మూత్రం పోవడానికి పెట్టే గొట్టం లోపల, మార్చిన మోకాలి చిప్ప మీద, కృత్రిమ గుండె కవాటం మీద, షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుండులో, అన్నిచోట్లా ఇదే పాచి. ఇందులో దాగిన బ్యాక్టీరియాను చంపాలంటే ఒక్కోసారి మామూలు మోతాదుకు వెయ్యి రెట్లు మందు కావాలి. జిగురు మందును నెమ్మదింపజేస్తుంది. అంతకంటే పెద్ద కారణం ఇంకోటుంది. అడుగున ఉన్న కణాలకు తిండి, గాలి చాలక అవి నిద్రలో ఉన్నట్టు పడి ఉంటాయి. ఎదుగుతున్న కణాన్ని దెబ్బకొట్టేలా తయారైన మందు నిద్రపోతున్నదాన్ని ఏమీ చేయలేదు. మందు ఆపగానే అవి లేస్తాయి, జ్వరం మళ్ళీ మొదలవుతుంది.

పైగా ఇవి ఒకదాన్నొకటి లెక్కపెట్టుకుంటాయి. ప్రతి కణమూ ఒక చిన్న రసాయనాన్ని బయటికి వదులుతూ ఉంటుంది. చుట్టూ ఆ రసాయనం చిక్కబడిందంటే తమవాళ్ళు చాలామంది చేరారని అర్థం. హవాయి తీరంలో ఒక చిన్న స్క్విడ్ ఒంట్లో ఉండే బ్యాక్టీరియా ఇలాగే, తమ సంఖ్య సరిపడా అయ్యేవరకు చీకట్లో ఉండి, ఆ తరవాత అన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. రోగం తెచ్చే బ్యాక్టీరియాలో చాలావాటికీ ఈ పద్ధతి ఉంది. బలం చాలనప్పుడు అణిగి ఉంటాయి, బలగం చేరాక జిగురు, విషం ఒక్కపెట్టున వదులుతాయి.

ఇక మొక్క దగ్గరికి వద్దాం.

మా తాతయ్య బ్రష్షు పట్టగా నేను చూడలేదు. తెల్లవారుజామున కాలవగట్టు మీద వేపచెట్టు కిందికి వెళ్ళి, చిటికెన వేలంత లావున్న కొమ్మ చూసి, జానెడు పుల్ల విరిచేవాడు. మరీ లేతదైతే పీచు నిలవదు, ముదిరితే చిగుళ్ళు గీరుకుపోతాయి. ఆ ఎంపిక ఆయన వేళ్ళకు తెలుసు. ఒక కొసను దవడపళ్ళ కింద పెట్టి మెల్లగా నములుతూ గట్టు పొడుగునా నడిచేవాడు. నమిలేకొద్దీ అది కుంచెలా విచ్చుకునేది. ఒక్కొక్క పన్నూ విడివిడిగా, పైకి కిందికి తోమి, చివర పుల్లను నిలువునా చీల్చి, ఆ బద్దను వంచి నాలిక గీసుకుని, కాలవలో పుక్కిలించేవాడు. అరగంట పట్టేది ఆ పని. పందుంపుల్ల అంటే నాకు ఇప్పటికీ ఆ అరగంటే గుర్తొస్తుంది.

1996లో అమెరికాలో దంతశాస్త్ర పరిశోధకులు కొందరు ఈ వేపపుల్ల రసాన్ని తీసుకుని పరీక్ష చేశారు. అది పంటి బ్యాక్టీరియాను చంపుతుందేమో చూశారు. వాళ్ళు వాడిన మోతాదులో ఆ రకాల స్ట్రెప్టోకాకస్ పెరుగుదల ఆగలేదు. ఇక్కడితో ఆపేసి ఉంటే వేప ఓడిపోయిందని రాసేసేవారు. కాని వాళ్ళు ఇంకో ప్రశ్న వేశారు. ఉమ్మి పొర పట్టించిన పంటి ఖనిజం మీద ఈ బ్యాక్టీరియా అతుక్కోగలుగుతుందా? వేప రసంలో నానిన బ్యాక్టీరియా అతుక్కోవడం బాగా తగ్గిపోయింది. జిగురు పేనే శక్తీ తగ్గింది. ప్రాణం ఉంది, పట్టు పోయింది. పట్టు లేనిదాన్ని ఉమ్మేస్తే పోతుంది, పుల్ల పీచుతో తోస్తే పోతుంది. మొక్కల మందుల గురించి నేను చదివినవాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచినది ఇదే. మనం ప్రతి మందునూ "చంపిందా, లేదా" అని ఒకే తూకంతో తూస్తున్నాం. మొక్క పనితనం చాలాసార్లు చంపడంలో లేదు, అంటుకోనివ్వకపోవడంలో ఉంది.

చంపడానికీ అంటుకోనివ్వకపోవడానికీ తేడా చిన్నది కాదు. చంపే మందు పడితే, తట్టుకున్న ఒకటి రెండు మిగిలి, అవే పెరిగి, మందుకు లొంగని సంతానాన్ని కంటాయి. 2019 ఒక్క ఏడాదిలోనే మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 12 లక్షల 70 వేలమంది చనిపోయారని లాన్సెట్ పత్రికలో అంచనా వేశారు. పట్టు మాత్రమే వదిలిస్తే బ్యాక్టీరియా మీద చావో రేవో అన్న ఒత్తిడి అంతగా ఉండదు కాబట్టి, లొంగని రకాలు పుట్టడం ఆలస్యమవుతుందని శాస్త్రజ్ఞుల ఆశ.

ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గరి సముద్రంలో డెలిసియా అనే ఎర్ర నాచు ఒకటుంది. సముద్రంలో మునిగిన రాయికి, పడవకి, గొలుసుకి అన్నిటికీ పాచి పడుతుంది కదా, ఈ నాచు ఒళ్ళు మాత్రం శుభ్రంగా ఉండడం చూసి అక్కడి న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంవారు ఆశ్చర్యపోయారు. నాచుకు పాచి పట్టలేదన్నమాట. వెతికితే అది ఫ్యూరనోన్లు అనే పదార్థాలను తయారు చేసుకుంటోందని తేలింది. బ్యాక్టీరియా ఒకదాన్నొకటి లెక్కపెట్టుకునే రసాయనానికీ వీటికీ పోలిక ఉంది. తాళంలో తప్పుడు చెవి ఇరుక్కున్నట్టు ఇవి వెళ్ళి కూర్చుంటే, బ్యాక్టీరియాకు తోటివాటి కబురు అందదు. కబురందనిదే గుంపు కట్టదు. మనిషి ఒంటికి ఇవి విషం కావడంతో మందుగా రాలేదు, కాని దారి చూపించాయి.

ఆ దారినే వెల్లుల్లిలో వెతికారు. ఒక రెబ్బను చిట్లకుండా పొట్టు తీసి ముక్కు దగ్గర పెట్టుకోండి, వాసన పెద్దగా రాదు. రోట్లో వేసి ఒక్క దెబ్బ కొట్టండి, ఇల్లంతా గుప్పుమంటుంది. రెబ్బలో అల్లీన్ అనే పదార్థం ఒక గదిలో, దాన్ని మార్చే ఎంజైము ఇంకో గదిలో ఉంటాయి. గోడ పగిలితేనే రెండూ కలుస్తాయి, అల్లిసిన్ పుడుతుంది. పురుగు కొరికిన చోట, కొరికిన క్షణానే విషం పుట్టేట్టు వెల్లుల్లి చేసుకున్న ఏర్పాటు అది. పరుగెత్తి పారిపోలేని జీవం గదా మొక్క. ఈ అల్లిసిన్ బ్యాక్టీరియాను చంపుతుందని 1944లోనే అమెరికాలో తేల్చారు. అది నిలవ ఉండదు, త్వరగా విరిగిపోతుంది. విరిగినప్పుడు పుట్టేవాటిలో అజోయీన్ అనేది ఒకటి. 2012లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు ఈ అజోయీన్ సూడోమోనాస్ అనే మొండి బ్యాక్టీరియా కబుర్ల పద్ధతిని చెడగొడుతోందని చూపించారు. మన తెల్లరక్తకణాలను చంపడానికి అది వదిలే పదార్థం తగ్గింది, ఎలుకల ఊపిరితిత్తుల్లో ఆ బ్యాక్టీరియా త్వరగా తుడిచిపెట్టుకుపోయింది. ఇదంతా శుద్ధి చేసిన అజోయీన్‌తో జరిగింది. రోజూ చారులో వేసుకునే నాలుగు రెబ్బలతో ఆ మోతాదు రాదు.

నేరుగా చంపే మొక్కలూ లేకపోలేదు. పంటి డాక్టరు గదిలోకి వెళ్ళగానే ముక్కుకు తగిలే వాసన ఏమిటో ఎప్పుడైనా గమనించారా? అది లవంగం. లవంగ నూనెలో నూటికి డెబ్భై పాళ్ళకు పైగా ఉండే యూజెనాల్‌ను జింకు ఆక్సైడు పొడితో కలిపి, పిప్పిపంటిలో తాత్కాలికంగా పూడుస్తారు. నొప్పి తగ్గిస్తుంది, సూక్ష్మజీవులనూ అణుస్తుంది.

ఇక వాము. కడుపునొప్పికి కాస్త వాము నమిలి మంచినీళ్ళు తాగమనే ఇల్లాలు లేని ఊరు మనకు లేదు. మా అమ్మ ఒక చిన్న గాజుసీసాలో వాము పువ్వు, పిప్పరమెంటు పువ్వు, ముద్దకర్పూరం సమానంగా వేసి మూత పెట్టేది. మూడూ పొడి గడ్డలే, చుక్క నీళ్ళు పోసేది కాదు. కాసేపటికి చూస్తే మూడూ కరిగి నూనెలా అయిపోయేవి. చిన్నప్పుడు అది నాకు ఇంద్రజాలం. ఆ వాము పువ్వు అసలు పేరు థైమాల్. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశపు వాము ఓడలకెక్కి జర్మనీ వెళ్ళేది, అక్కడ దానిలోంచి థైమాల్ తీసేవారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొంకిపురుగు నిర్మూలన ఉద్యమం నడిపినప్పుడు ఇచ్చిన మందు ఇదే. 1879లో పుట్టిన లిస్టరిన్ అనే పుక్కిలించే మందులోనూ ఉన్నవి థైమాల్, పిప్పరమెంటు, నీలగిరి తైలంలోని యూకలిప్టాల్, వింటర్‌గ్రీన్ తైలంలోని పదార్థం. బ్రష్షు చేసుకుంటూ దాంతోపాటు ఇలాంటి సుగంధ తైలాలతో ఆరు నెలలు పుక్కిలించినవారికి పాచి తగ్గినట్టు మనుషుల మీదే, పద్ధతిగా, ఒకటికి పది పరీక్షల్లో తేలింది. ఈ థైమాల్, యూజెనాల్ లాంటివి బ్యాక్టీరియా పైపొరలోని కొవ్వులో కరిగి దానికి చిల్లులు పెడతాయి. అమ్మ సీసా గురించి ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. కర్పూరం కొద్దిగా కడుపులోకి పోయినా పసిపిల్లలకు ఫిట్స్ వస్తాయి. ఆ సీసా పిల్లల చేతికి అందనివ్వకండి, నాలిక్కి రాయకండి.

ఇంత చెప్పాక ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. చంపే పోటీలో మొక్క పదార్థం యాంటీబయాటిక్ ముందు నిలవదు. యాంటీబయాటిక్ రెండు మూడు మైక్రోగ్రాములతో చేసే పనికి మొక్క పదార్థం వందల మైక్రోగ్రాములు కావాలి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళకముందు మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. మూలికల మధ్య మసిలిన మనిషి. అయినా తరవాతి రోజుల్లో లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధన విభాగం నుంచి 1948లో వచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రం మొక్కలోంచి రాలేదు, మిస్సోరీ పొలం మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది. మట్టిలో సూక్ష్మజీవులు ఒకదానితో ఒకటి కోట్ల ఏళ్ళుగా పోట్లాడుతున్నాయి కనుక వాటి ఆయుధాలు అంత పదునుగా ఉంటాయి.

మరి మొక్క తన ఒంటిని ఇన్నేళ్ళుగా ఎలా కాపాడుకుంటోంది? దీనికి మానుపసుపు కుటుంబం ఒక జవాబు చెప్పింది. మానుపసుపులో పచ్చగా, చేదుగా ఉండే బెర్బెరిన్ అనే పదార్థం ఉంది. దాన్ని ఒక్కదాన్నే స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా మీద వేస్తే పెద్దగా పనిచేయదు. బ్యాక్టీరియా పైపొరలో మోటారు పంపులాంటిది ఒకటి ఉండి, లోపలికి వచ్చిన బెర్బెరిన్‌ను వచ్చినట్టే బయటికి తోడేస్తుంది. 2000లో అమెరికాలో స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ బృందం అదే కుటుంబపు మొక్క ఆకుల్లో ఇంకో పదార్థాన్ని పట్టుకుంది. దానికి సొంతంగా బ్యాక్టీరియాను చంపే శక్తి బొత్తిగా లేదు. అది చేసేదల్లా ఆ పంపును ఆపడం. రెండూ కలిపి వేస్తే బెర్బెరిన్ లోపలే ఉండిపోయి పని కానిచ్చింది. ఇన్నేళ్ళుగా మనం మొక్కను రుబ్బి, విడదీసి, అన్నిటికన్నా బలమైన ముక్క ఏదని వెతికి, పనికిరాదనుకున్న ముక్కను పారబోశాం. పారబోసినదాంట్లో తోడుమందు ఉంది. మొక్కల పదార్థాలను యాంటీబయాటిక్‌కు పోటీగా కాక తోడుగా ఇచ్చి, పాచి విడిపోయాక మందు లోపలికి దిగేలా చేయాలని ఇవాళ ఎన్నో ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. నా నమ్మకం కూడా ఆ దారి మీదే.

ప్రయోగశాలలో గాజుపళ్ళెంలో పనిచేసింది మనిషి ఒంట్లో పనిచేస్తుందన్న భరోసా లేదు. పసుపునే చూడండి. అందులోని కర్క్యుమిన్ బ్యాక్టీరియాను అణుస్తుందని 1949లోనే నేచర్ పత్రికలో వచ్చింది. పుండుకు పసుపు వాడకం మీద అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును మన దేశపు పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. మనమంతా సంతోషించాం, సంతోషించవలసిందే. కాని ఆ గెలుపు పసుపు వైద్యం మనకు ముందే తెలుసని రుజువు చేసింది, పసుపు ఏ పుండునైనా మాన్పుతుందని కాదు. 2017లో రసాయన శాస్త్రజ్ఞులు కర్క్యుమిన్ మీద జరిగిన పరిశోధనలన్నీ తిరగేసి, మనుషుల మీద 120కి పైగా పరీక్షలు జరిగినా గట్టిగా నిలిచిన ఫలితం లేదని రాశారు. కడుపులోకి వెళ్ళిన కర్క్యుమిన్ రక్తంలోకి చేరేది బహు స్వల్పం, చేరినదీ త్వరగా విరిగిపోతుంది. దీనికి ఎదురుగా క్రాన్‌బెర్రీ అనే పండు ఉంది. మూత్రనాళం గోడకు ఇ. కోలై అనే బ్యాక్టీరియా అతుక్కోకుండా చేసే పదార్థం అందులో ఉంది. మాటిమాటికీ మూత్రంలో మంట వచ్చే ఆడవాళ్ళకు అది మళ్ళీ మళ్ళీ రాకుండా కొంత కాపాడుతుందని మనుషుల మీద చేసిన పరీక్షలే చెబుతున్నాయి. వచ్చిన జబ్బును మాత్రం అది నయం చేయదు.

ఇదంతా నేను పుస్తకాల్లో చదవడానికి ముందు మా ఇంట్లో చూశాను. మా బాబాయికి షుగర్. చెప్పు కరిచి కుడికాలి బొటనవేలి పక్కన చిన్న పుండైంది. స్పర్శ తగ్గిన కాలు కావడంతో నొప్పి తెలియలేదు. పసుపూ వేపాకూ నూరి కట్టాం. నేనే నూరాను. పైకి ఎండినట్టు కనపడితే మానుతోందనుకున్నాం. మూడు వారాలు అలా గడిచాక కట్టు విప్పితే వాసన వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పి, పసుపు కడిగి, అడుగున పాలిపోయిన జిగట పొరను మాకు చూపించింది. "ముందు ఈ పాచి గీకెయ్యాలండి, అప్పుడే మందు దిగేది" అంది. పాచి అనే అంది. చిన్న కత్తితో ఎర్రటి కండ కనపడేదాకా గీకింది. అలా వారానికి రెండుసార్లు, ఆరు వారాలు. యాంటీబయాటిక్ ఇచ్చారు, షుగర్ అదుపులోకి తెచ్చారు. వేలు పోయింది, పాదం దక్కింది.

బాబాయికి ఇప్పుడు డెబ్భై రెండేళ్ళు. పొద్దున్నే పెరట్లో వేపపుల్ల విరిచి తాతయ్యలాగే అరగంట నములుతాడు. రాత్రి పడుకోబోయే ముందు మంచం మీద కూర్చుని, పిన్ని చేతిలో అద్దం పట్టుకుంటే, రెండు అరికాళ్ళూ వేలువేలు సందునా చూసుకుంటాడు. ఎక్కడైనా ఎర్రగా కనపడితే తెల్లారి మొదటి బస్సుకు ఆసుపత్రికి బయల్దేరతాడు.